శిక్షణ ముగిసింది, నేర్చినదెంత?

(పారిశుద్ధ్య పనివారిని, మేస్త్రీలను, నివాసి సంఘాల బాధ్యులను ఉద్దేశించిన ప్రసంగ పాఠం)



నగరాల్లో పారిశుద్ధ్య పనివారికి శిక్షణ తరగతి ఎలా జరుగుతుందో ఇక్కడ కూర్చున్నవారిలో చాలామందికి పరిచితమే. తెల్లవారకముందే లేచి వీధులు ఊడ్చి వచ్చిన పౌరకార్మికులను పదకొండు గంటలకు ఒక హాలులో కూర్చోబెడతారు. గోడమీద తెర వెలుగుతుంది. చేతి తొడుగుల గురించి, చెత్తను వేరు చేయడం గురించి, మురుగు గుంతల్లోని గ్యాసు గురించి ఒక అధికారి రెండు గంటలపాటు వివరిస్తారు. నడుమ టీ, బిస్కెట్లు. చివరకు హాజరు పట్టీ వరుసల వెంట తిరుగుతుంది. సంతకం రానివారు వేలిముద్ర వేస్తారు. అందరూ కలిసి ఫొటో దిగుతారు. ఆ సాయంత్రం దస్త్రంలో ఒక వాక్యం చేరుతుంది: ఇంతమంది సిబ్బందికి శిక్షణ ఇవ్వడమైనది.

ఆ వాక్యంలో అబద్ధమేమీ లేదు. ఇచ్చిన మాట నిజమే. పుచ్చుకున్నవారి దగ్గర ఏమి మిగిలిందన్నది మాత్రం ఆ దస్త్రంలో ఎక్కడా ఉండదు. అన్నీ సవ్యంగా సాగినంత కాలం దాన్ని ఎవరూ అడగరు. ఏదైనా ప్రమాదం జరిగిన నాడు మాత్రం ఆ హాజరు పట్టీ బీరువాలోంచి బయటికి వస్తుంది. 'శిక్షణ ఇచ్చాము, ఇదిగో అతని వేలిముద్ర' అని చూపించడానికి అది పనికివస్తుంది. పనివాడి ప్రాణాన్ని కాపాడవలసిన కాగితం, అతను పోయిన తరువాత తప్పును అతని మీదికి తోసే కాగితంగా మారుతుంది. నేర్చినదాన్ని అంచనా వేయడమనే విషయం మానవ వనరుల శాఖవారి పరిభాషలా వినిపించవచ్చు గాని, దాని అసలు బరువు ఇక్కడ ఉంది.

బెంగళూరు వీధులు ఊడ్చేవారిలో తెలుగు ఇంటిభాషగా ఉన్నవారు ఎందరో ఉన్నారు. రాయలసీమ పల్లెల నుంచి రెండు మూడు తరాల కింద వచ్చి స్థిరపడిన కుటుంబాలు వారివి. చెన్నైలోనూ పారిశుద్ధ్య పనిలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. కాబట్టి ఈ చర్చ తెలుగులో జరగడం మర్యాద కోసం కాదు, అవసరం కోసం.

ఉద్యోగుల శిక్షణ ఫలితాన్ని ఎలా కొలవాలో ఆలోచించినవారిలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ పేరు ముందుగా వస్తుంది. 1959-60 సంవత్సరాల్లో ఆయన రాసిన వ్యాసాల నుంచే నాలుగు మెట్ల పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. శిక్షణ పొందినవారికి అది నచ్చిందా అన్నది మొదటి మెట్టు. వారు నిజంగా నేర్చుకున్నారా అన్నది రెండవది. నేర్చినదాన్ని పనిచోట ఆచరిస్తున్నారా అన్నది మూడవది. ఆ ఆచరణ వల్ల సంస్థకు, పనికి మేలు జరిగిందా అన్నది నాలుగవది. ఆరు దశాబ్దాలు దాటినా ఈ పద్ధతి చెల్లుబాటులోనే ఉంది. అయితే చాలా చోట్ల కొలత మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. 'తరగతి బాగుందా అమ్మా?' అని అడిగితే 'బాగుంది సార్' అనే అంటారు. రెండు గంటలు పంకా కింద కూర్చోబెట్టి టీ ఇచ్చినవారిని బాగులేదని ఎవరు అంటారు?

రెండవ మెట్టు ఎక్కాలంటే పరీక్ష కావాలి. పరీక్ష అనగానే కార్యాలయానికి తోచేది కాగితం. పది ప్రశ్నలు, ఒక్కొక్కదానికి నాలుగు జవాబులు, సరైనదానికి గుర్తు పెట్టండి. అంచనా తప్పుదారి పట్టేది ఇక్కడే. చదువు రాని మనిషికి కాగితం ఇచ్చి జవాబు రాయమంటే తెలిసేది ఆమెకు అక్షరాలు రావన్న సంగతి ఒక్కటే. అది శిక్షణకు ముందు కూడా అందరికీ తెలుసు. ఇరవై ఏళ్లుగా ఒక్క గాజు పెంకు కూడా గుచ్చుకోకుండా చెత్త ఎత్తిన మనిషి ఆ పరీక్షలో సున్నా తెచ్చుకుంటుంది. ఊడ్చే చీపురు ముట్టని పదవ తరగతి కుర్రవాడు పదికి తొమ్మిది తెచ్చుకుంటాడు.

ప్రశ్నపత్రాన్ని తెలుగులోకి అనువదిస్తే సరిపోతుందనుకునేవారూ ఉన్నారు. అనువాద వృత్తిలో ఉన్నవారు ఒప్పుకోవలసిన చేదు నిజం ఒకటుంది: చెడ్డ తెలుగు పరాయి భాష కంటే దూరం. 'జీవవిచ్ఛిత్తికి లోనయ్యే వ్యర్థాలను ఏ పాత్రలో నిక్షేపించవలెను?' అన్న ప్రశ్నను తెలుగు ఎం.ఏ. చదివినవారు కూడా రెండుసార్లు చదువుకోవాలి. బెంగళూరులో పుట్టిన తెలుగు పౌరకార్మికురాలు ఇంట్లో 'తడి చెత్త, పొడి చెత్త' అనవచ్చు. బండి దగ్గర మాత్రం 'హసి కస, ఒణ కస' అంటుంది. ఆ కన్నడ మాటలు ఆమె పని తెలుగులో భాగమైపోయాయి. వాటిని తీసేసి శుద్ధ తెలుగు పెడితే ఆమె నోటి మాటను లాక్కున్నట్టే. నిన్నగాక మొన్న పాలమూరు నుంచి వచ్చినవాడి కష్టం ఇంకో రకం. గుంత పక్కన నిలబడి మేస్త్రీ కన్నడంలో 'సాకు' అంటే 'చాలు, ఆపు' అని అర్థం. తెలుగు చెవికి అది వంక చెప్పడంలా వినిపిస్తుంది. రెండు లిపులూ అక్కచెల్లెళ్లలా కనిపించినంత మాత్రాన రెండు భాషలూ ఒక్కటి కావు.

అందుచేత ఇటువంటి పనుల్లో నేర్పును కొలవడానికి తగిన పద్ధతి ఒక్కటే: చేసి చూపించమనడం. చేస్తూ ఎందుకు చేస్తున్నారో తమ మాటల్లో చెప్పమనడం. కాగితం ఉండవలసింది అంచనా వేసేవారి చేతిలో, పనివారి చేతిలో కాదు. వరుసగా చేయవలసిన పనులు అందులో ఉంటాయి. ఒక్కొక్కటి చేశారా, చేయలేదా అని గుర్తు పెట్టుకుంటే చాలు.

ఒక ఉదాహరణ. చెత్తలో వాడేసిన సూది గుచ్చుకున్నప్పుడు ఏమి చేయాలి? తరగతిలో ఇది తెరమీద మూడు వాక్యాల్లో వచ్చి వెళ్లిపోతుంది. అంచనాలో అయితే ఒక బకెట్టు నీరు, సబ్బు పక్కన పెట్టి, 'అక్కా, ఇప్పుడే సూది గుచ్చుకుంది అనుకో, ఏం చేస్తావో చూపించు' అనాలి. చాలామంది ముందుగా వేలిని గట్టిగా పిండుతారు, లేదా నోట్లో పెట్టుకుంటారు. ఇవి తరతరాలుగా చేతులకు అలవాటైన పనులు, రెండూ చేయరాదు. పారే నీటిలో సబ్బుతో కడగాలి, వెంటనే మేస్త్రీకి చెప్పాలి, ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లాలి. హెచ్.ఐ.వి. సోకకుండా ఇచ్చే మందులు అవసరమని వైద్యులు తేలిస్తే వాటిని ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. 72 గంటలు దాటితే వాటితో ప్రయోజనం ఉండదు. 'సాయంత్రం ఇంటికి పోయి చూసుకుంటా' అన్న జవాబు వచ్చిందంటే, ఆ మనిషి తరగతిలో కూర్చున్న మాట నిజమే అయినా శిక్షణ ఇంకా పూర్తికాలేదన్న మాట. ఆ లోపాన్ని ఏ హాజరు పట్టీ పట్టుకోగలదు?

ఇంకో ఉదాహరణ మరింత కఠినమైనది. మురుగు గుంతలు, సెప్టిక్ ట్యాంకులు, అపార్ట్‌మెంట్లలోని మురుగు శుద్ధి తొట్టెలు. అక్కడ ఊరే వాయువుల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఒకటి. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. గాఢత సుమారు 100 పీపీఎం చేరేసరికి ముక్కు మొద్దుబారి వాసన తెలియకుండా పోతుంది. అంటే 'వాసన పోయింది, ఇక దిగవచ్చు' అనుకున్న క్షణమే అన్నిటికంటే ప్రమాదకరమైన క్షణం. ఈ వాయువు గాలి కంటే బరువు కాబట్టి అడుగున చేరుతుంది. మీథేన్ తేలిక, పైకి లేస్తుంది, నిప్పు తగిలితే పేలుతుంది. మామూలు గాలిలో ప్రాణవాయువు 20.9 శాతం. అది 19.5 కంటే తగ్గితే ఆ చోటు మనిషికి తగదు. అందుకే గ్యాసు కొలిచే యంత్రాన్ని పైన, నడుమ, అడుగున మూడు చోట్లా పట్టి చూడాలి. ఎంత అనుభవం ఉన్నవారికైనా ముక్కు యంత్రం కాదు.

ఈ పనిలో వందకు ముప్పై ఐదు వస్తే ఉత్తీర్ణత అనే లెక్క చెల్లదు. మూత తీసి గాలి ఆడనివ్వడం, మూడు ఎత్తుల్లో కొలవడం, నడుముకు పట్టీ, తాడు కట్టించుకోవడం, పైన కాపలా ఉన్న మనిషి కదలకుండా ఉండడం - ఈ నాలుగింటిలో మూడు సరిగా చేసినవాడికి 75 మార్కులు వేసి మెచ్చుకోవడానికి వీలులేదు. నాలుగవది చేయకపోతే మనిషి దక్కడు. కాబట్టి అంచనా పత్రంలో ప్రాణానికి సంబంధించిన అంశాలను విడిగా పెట్టాలి. వాటిలో ఒక్కటి తప్పినా 'ఇంకా సిద్ధం కాలేదు' అని రాయాలి. మిగిలినవాటికి మార్కులు వేసుకోవచ్చు, సగటు చూసుకోవచ్చు, అభ్యంతరం లేదు.

పైన ఉన్న మనిషి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కింద ఉన్నవాడు ఒరిగిపోగానే పైనున్నవాడు ఆలోచించకుండా దూకుతాడు. అన్నదమ్ములో, బావామరుదులో అయితే ఇక చెప్పనక్కరలేదు. 2015 నవంబరులో కేరళలోని కోజికోడ్‌లో మ్యాన్‌హోల్‌లో చిక్కుకున్న ఇద్దరు ఆంధ్ర కార్మికులను కాపాడబోయి, ఆ దారిన వెళుతున్న ఒక ఆటో డ్రైవరు కూడా ప్రాణం పోగొట్టుకున్నాడు. మనసున్న మనిషి చేసే పని అది. శిక్షణ ఆ మనసును మార్చనక్కరలేదు, చేతులకు వేరే దారి చూపించాలి. తాడు లాగడం, యంత్రంతో గాలి పంపడం, 112కు గాని అగ్నిమాపక దళానికి గాని ఫోను చేయడం, శ్వాస పరికరం ఉన్నవారు వచ్చేదాకా దిగకపోవడం. ఇది నోటితో అడిగితే అందరూ సరిగానే చెబుతారు. ఒక బస్తాను గుంతలోకి దింపి, 'మీ తమ్ముడు పడిపోయాడు' అని హఠాత్తుగా అరిస్తే ఏ కాలు ముందుకు పడుతుందో అప్పుడు తెలుస్తుంది.

ఇంతకూ అన్నిటికంటే ముందు నేర్చుకోవలసిన పాఠం ఇంకొకటి ఉంది. 2013లో వచ్చిన చట్టం ప్రకారం, రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకో సెప్టిక్ ట్యాంకులోకో దింపి శుభ్రం చేయించడం నేరం. మొదటిసారి నేరానికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మురుగు పనిలో మరణించినవారి కుటుంబానికి పది లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014 మార్చిలో ఆదేశించింది. 2023 అక్టోబరు తీర్పులో దాన్ని ముప్పై లక్షలకు పెంచింది. కాబట్టి యంత్రం లేదు, తాడు లేదు, మేస్త్రీ మాత్రం 'అయిదు నిమిషాల పని, దిగు' అంటున్నాడు అన్న పరిస్థితిలో పనివాడు ఇవ్వవలసిన సరైన జవాబు 'దిగను'.

ఈ జవాబును ఎలా అంచనా వేస్తారు? పరీక్ష పెట్టేవాడు ఆ మేస్త్రీయే అయితే పనివాడు నోరు విప్పుతాడా? రేపు పని ఇచ్చేవాడు, రోజుకూలి లెక్క రాసేవాడు ఎదురుగా కూర్చుని 'నేను దిగమంటే దిగుతావా?' అని అడిగితే వచ్చే జవాబుకు విలువ లేదు. ఇక్కడ అంచనా పద్ధతికీ అధికారానికీ ఉన్న ముడి బయటపడుతుంది. అందుకే ఈ భాగాన్ని మరో వార్డు నుంచి వచ్చినవారు చూడాలి. వారి పక్కన పనివారి భాష తెలిసినవారు ఉండాలి, సంఘం ప్రతినిధి కూడా ఉంటే మరీ మంచిది. అదే ప్రశ్నను తిప్పి మేస్త్రీనీ అడగాలి: 'యంత్రం రాలేదు, పైనుంచి ఫోను మీద ఫోను వస్తోంది, ఏం చేస్తావు?' దిగను అనడం నేర్చినవాడి మీద దిగు అనడం మాననివాడిని ఉంచితే ఆ నేర్పు నాలుగు రోజులు నిలవదు. ఇటువంటి ఒత్తిడి ఎదురైతే ఫిర్యాదు చేయడానికి 14420 అనే సహాయ సంఖ్య ఉంది. ఆ సంఖ్య పనివారికి నోటికి వచ్చా రాదా అన్నది కూడా అంచనాలో ఒక అంశం కావాలి.

అంచనా శిక్షణ తరువాతే మొదలవ్వాలన్న నియమం లేదు. ముందుగా ఒకసారి చూస్తే ఎవరికి ఏమి తెలుసో తేలుతుంది. ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్న ఆడవారికి బండి బరువు ఎలా సర్దాలో, ఏ సందులో సీసా పెంకులు పడి ఉంటాయో, ఏ ఇంటివారు ఆస్పత్రి చెత్తను మామూలు సంచిలో కలిపేస్తారో తెలుసు. ముందుగా పనిలో నేర్చిన నేర్పును గుర్తించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి దేశంలోని నైపుణ్య శిక్షణ పథకాల్లో ఇప్పటికే ఉంది. అటువంటివారిని కొత్తవారితో కలిపి కూర్చోబెట్టి 'చీపురు ఇలా పట్టుకోవాలి' అని చెప్పడం వారి అనుభవాన్ని అవమానించడమే. వారిలో ఇద్దరు ముగ్గురిని నేర్పేవారి పక్కన నిలబెడితే తరగతికే బలం వస్తుంది.

తరువాత చూడవలసింది మరుపు. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, కొత్తగా నేర్చినదాంట్లో ఎక్కువ భాగం మొదటి గంటల్లో, రోజుల్లోనే జారిపోతుందని చూపించాడు. ఆయన కంఠస్థం చేసినవి అర్థంలేని అక్షరాల కూర్పులు. చేతిపని అంత తొందరగా పోదు. అయినా శిక్షణ ముగిసిన సాయంత్రమే పరీక్ష పెట్టి మురిసిపోవడం ఎందుకు కూడదో దీని వల్ల అర్థమవుతుంది. ఒక నెల గడిచాక, ముందుగా చెప్పకుండా, పని జరుగుతున్న చోటికే వెళ్లి చూస్తే మూడవ మెట్టు సంగతి తేలుతుంది. చేతి తొడుగులు చేతికి ఉన్నాయా, బండి కొక్కేనికి వేలాడుతున్నాయా? వేలాడుతుంటే వెంటనే పనివారిని తప్పుపట్టకూడదు. చాలాసార్లు ఆ తొడుగులు మగవారి చేతి కొలతకు కుట్టినవి. ఆడవారి చేతికి వదులై చీపురు జారుతుంది. అది నేర్పులో లోపం కాదు, కొనుగోలులో లోపం.

ఈ విచక్షణ లేని అంచనా పనివారికి కొత్త భయం మాత్రమే మిగులుస్తుంది. 'పరీక్షలో తప్పితే తీసేస్తారట' అన్న పుకారు ఒక్కటి చాలు, మరునాడు ఎవరూ తమకు తెలియదని ఒప్పుకోరు. ఫలితం వల్ల కూలి తెగదనీ ఉద్యోగం పోదనీ ముందే అందరికీ చెప్పాలి, రాసి అంటించాలి. సిద్ధం కానివారికి పని వేళల్లోనే, జీతంతోనే మళ్లీ నేర్పాలి. ఫలితం రాసిన కాగితపు ప్రతి ఒకటి పనివారి దగ్గర ఉండాలి. గుత్తేదారు మారినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి 'కొత్త మనిషి' కాకుండా అది వారికి ఆధారమవుతుంది. ఇరవై మందిలో పన్నెండు మంది ఒకే అంశంలో తప్పారంటే ఆ పన్నెండు మందినీ పక్కన పెట్టి నేర్పినవారిని పిలిపించి అడగాలి. తెరమీది బొమ్మ కనిపించిందా? ఏ భాషలో చెప్పారు? యంత్రాన్ని చేతికి ఇచ్చారా, దూరం నుంచి చూపించారా?

నివాసి సంఘాల బాధ్యులకు ఒక మాట. పని ఇప్పించేవారు పురపాలకులు ఒక్కరే కారు. అపార్ట్‌మెంటు శుద్ధి తొట్టె మూసుకుపోయినప్పుడు ఫోను చేసి మనిషిని పిలిపించే కార్యదర్శి కూడా ఆ రోజుకు యజమానే. వారిలో తెలుగువారూ చాలామంది ఉన్నారు. వచ్చినవారు తెలుగు మాట్లాడితే 'మనవాళ్లే' అన్న చనువుతో జాగ్రత్తలు సడలించడం కద్దు. యంత్రం తెచ్చారా, ఎలా వాడతారో ఒక్కసారి చూపిస్తారా అని అడగడానికి పది నిమిషాలు చాలు. చూపించలేకపోతే ఆ రోజు తొట్టె అలాగే ఉండనివ్వాలి.

ఇంత చేయడానికి సమయం ఎక్కడిదని అధికారులు అడుగుతారు, అడగడంలో న్యాయం ఉంది. ఒక్కొక్కరికి పావుగంట అనుకుంటే నలభై మంది ఉన్న వార్డుకు పది గంటలు. ఒకే రోజున పెట్టుకుంటే వీధులు ఊడ్చేవారుండరు. ఉదయం హాజరు వేసే చోటనే, పని మొదలవకముందు కాకుండా హాజరు అయిన వెంటనే, పని గంటల్లో భాగంగా, రోజుకు ముగ్గురు చొప్పున చూస్తే పద్నాలుగు రోజుల్లో వార్డు పూర్తవుతుంది. ఒక బకెట్టు, సబ్బు, ఒక జత తొడుగులు, గ్యాసు కొలిచే యంత్రం, తాడు, ఒక బస్తా ఉంటే సరిపోతుంది. అంచనా పత్రం పై భాగంలో పేరు, వార్డు, తేదీ తరువాత ఇంకొక గడి ఉండాలి: ఏ భాషలో అడిగారు? దాన్ని అడిగినవారు కాక, జవాబు చెప్పినవారు నింపాలి. రాయడం రాకపోతే వారు చెప్పిన మాటను పక్కనున్న తోటి పనివారు రాసిపెట్టవచ్చు.